మలీదలో నెయ్యిపై అభ్యంతరం

కరోనా మాస్కులు ముఖాల మీంచి గడ్డాల కిందికి, అక్కడి నుంచి జేబుల్లోకి దిగిన మరుసటి ఏడు, నన్ను సిరిసిల్ల వైపు నుంచి జగిత్యాల జిల్లాలోని ఒక సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు బదిలీ చేశారు. ఏ ఊరి ఆఫీసో చెప్పను. నాతో పనిచేసినవాళ్ళు ఇంకా సర్వీసులో ఉన్నారు. వాళ్ళ ప్రమోషన్లు నా రాతల వల్ల ఆగడం నాకిష్టం లేదు, ఆగడానికి వాళ్ళకు సొంత కారణాలు చాలినన్ని ఉన్నాయి.

సబ్ రిజిస్ట్రార్ అంటే ఇళ్ళూ ప్లాట్లూ రిజిస్టర్ చేసే మనిషని అందరికీ తెలుసు. అదే మనిషి ప్రత్యేక వివాహ చట్టం కింద వివాహాధికారి కూడా అని చాలామందికి తెలియదు. మతం మార్చుకోకుండా, పురోహితుడో ఖాజీనో పాస్టరో లేకుండా ఇద్దరు పెళ్ళి చేసుకోవాలంటే మా దగ్గరికి రావాలి. ఇద్దరిలో ఒకరు మా పరిధిలో ముప్పై రోజులు నివాసం ఉండి నోటీసు ఇవ్వాలి. దాని నకలు మేము బోర్డుకు అంటిస్తాం. అభ్యంతరాలకు మరో ముప్పై రోజులు. బంధువులకు తెలియకుండా పెళ్ళి చేసుకుందామని వచ్చినవాళ్ళ పేర్లను ఊరందరూ చదివేలా గోడకెక్కించే ఏర్పాటు ఇది. శుభలేఖల బాధ్యత ప్రభుత్వమే తీసుకుంటుందన్నమాట.

ఆ వేసవిలో లావణ్య అనే అమ్మాయి నోటీసు ఇవ్వడానికి వచ్చింది. ఊరు కోరుట్ల. ముంబై పక్కన ఠాణేలో ఒక ఆసుపత్రిలో నర్సు, సెలవు పెట్టి ఇంటికొచ్చి ఉంటోంది. పక్కన అబ్బాయి, అదే ఆసుపత్రిలో ల్యాబ్ టెక్నీషియన్, పేరు బెంజమిన్. కొంకణ తీరంలో ఎన్నో తరాలుగా స్థిరపడిన యూదుల కుటుంబం. ఇంట్లో మరాఠీ మాట్లాడతారు, ప్రార్థన హీబ్రూలో చేస్తారు.

నోటీసు ఫారంలో మతం అన్న గడి లేదు. చట్టం రాసినవాళ్ళకు ఆ మాత్రం తెలివి ఉంది. మా ఆపరేటర్ మాత్రం అడగకుండా ఉండలేకపోయాడు. అబ్బాయి ‘యూదు’ అన్నాడు. మా వాడు తలాడించి, బోర్డుకు అంటించే కాగితం మూల పెన్సిల్‌తో ‘యాదవ్’ అని రాసుకున్నాడు. వారం తిరక్కముందే యాదవ సంఘం పెద్దమనిషి ఒకాయన స్వీటు డబ్బాతో వచ్చి, “ముంబైల మనోల్లు గింత మంచిగున్నరని తెల్వకపాయె మేడం,” అని సంతోషించాడు. అసలు సంగతి చెప్పాను. ఆయన ఒక్క క్షణం ఆలోచించి, డబ్బా బల్ల మీదే వదిలి వెళ్ళాడు. ఆ ఆఫీసులో నేను చూసిన మర్యాదల్లో అది పెద్దది.

రెండో సందర్శకుడు స్వీట్లు తేలేదు. అమ్మాయి మేనమామ లక్ష్మీరాజం, సిరిసిల్లలో సాంచెల ఆసామి. మరమగ్గాలను అక్కడ సాంచెలంటారు, నాలుగు సాంచెలు పెట్టి నలుగురికి పని ఇచ్చేవాడు ఆసామి. ఆయన రాతపూర్వకంగా అభ్యంతరం ఇచ్చాడు. అభ్యంతరం వస్తే వివాహాధికారి విచారణ జరిపి ఉత్తర్వు ఇవ్వాలి. కుర్చీ అదే, మనిషి అదే, ఆ పూటకు జడ్జి అవుతుంది.

విచారణ రోజు లావణ్య తల్లి రాజవ్వ వచ్చింది. బీడీలు చేసే మనిషి. భర్త మస్కట్‌లో పనిచేస్తున్నాడు, ఫోన్లో కాసేపు తిట్టి, కాసేపు ఏడ్చి, నీ ఇష్టమని భారం మొత్తం ఆమె మీద వేసి డ్యూటీకి పోయాడట. అబ్బాయి వైపు నుంచి వాళ్ళ నానమ్మ సారాబాయి రైల్లో వచ్చింది. ముతక నూలు చీర, చేతులకు ఆకుపచ్చ గాజులు. యూదులంటే ఎలా ఉంటారోనని కిటికీ దగ్గర గుమిగూడిన మా సిబ్బంది తీవ్రంగా నిరాశపడి సీట్లలోకి వెళ్ళిపోయారు.

లక్ష్మీరాజాన్ని కారణం అడిగాను. మతం వేరు అన్నాడు. అది కారణం కాదు, ఈ చట్టం పుట్టిందే అందుకోసమని చెప్పాను. పెళ్ళీడు రాకపోవడం, బతికున్న భార్యో భర్తో ఉండటం, మతిస్థిమితం లేకపోవడం, నిషిద్ధ బంధుత్వం, వీటిలో ఏదైనా ఉందా అని అడిగాను. ఆయన ఆలోచించి, పిల్లను తన కొడుక్కు చేసుకోవాలని ముందే అనుకున్నామన్నాడు. నిషిద్ధ బంధుత్వాల పట్టిక తీసి చదివి వినిపించాను. మేనమామ కూతురు, మేనత్త కూతురు అందులో నిక్షేపంగా ఉన్నారు. ఆచారం ఉన్నవాళ్ళకు మినహాయింపు ఉందని కూడా చెప్పాను. ఆయన ఆ రెండో వాక్యం విన్నట్టు లేదు. చట్టం తన సంబంధాన్ని తప్పుపట్టి, ఠాణే సంబంధాన్ని ఒప్పుకుంటోందని మాత్రం అర్థం చేసుకున్నాడు. మొహం ఎర్రబడింది.

“మా పిల్లను మీ గుడిలకు రానిస్తరా?” అని సారాబాయి మీదికి తిరిగాడు. అడగవలసిన ప్రశ్నే, కాదనను. ఆమె హిందీలో నెమ్మదిగా జవాబు చెప్పింది. మా ప్రార్థనా మందిరంలో ఈ పెళ్ళి చేయరు, పిల్ల మా మతం తీసుకుంటే తప్ప. తీసుకొమ్మని మేము అడగం. పండక్కి వచ్చి కూర్చోవచ్చు, మాతో తినొచ్చు, పుట్టే పిల్లల గురించి పెద్దవాళ్ళు రకరకాలుగా అంటారు, అది తర్వాతి మాట. ఇంట్లో శుభకార్యానికి మేము మలీదా పళ్ళెం పెడతాం, పెళ్ళికి ముందురోజు మీ ఇంట్లోనే పెడదాం, మా వాళ్ళను తీసుకొస్తాను.

అంతవరకూ నేల చూపులు చూస్తున్న రాజవ్వ తలెత్తింది. “మలీదనా? మలీద మేం జేత్తం గద, సద్దుల బతుకమ్మకు!”

లక్ష్మీరాజం మలీద సంగతి విచారణ పరిధిలోకి రాదన్నట్టు నా వైపు చూశాడు. రాదు కూడా. కానీ రాజవ్వ ఆగలేదు. “అయితె నేను గుడ చేత్త. నా చేతి మలీద మీవోల్లందరు తింటె, తెల్లారి నేనే అచ్చి సాక్షి సంతకం పెడ్త. తినకుంటె మాత్రం పెట్ట.” సారాబాయి తప్పకుండా తింటామంది. లావణ్య తల్లి చేయి పట్టుకుంది. తల్లి సంతకం లేకుండా తాను సంతకం చేయనని ఆ పిల్ల మొదటిరోజే నాతో చెప్పింది. ముగ్గురు సాక్షులు ఎవరైనా చాలని నేనూ మొదటిరోజే చెప్పాను. చట్టం దయగలదని చెప్పి నేను ఎవరినీ ఓదార్చగలిగింది లేదు.

అభ్యంతరం కొట్టేస్తూ ఉత్తర్వు ఇచ్చాను. జిల్లా కోర్టుకు అప్పీలు చేసుకోవచ్చని లక్ష్మీరాజానికి చెప్పాను. ఆయన చేసుకోలేదు. ఠాణే వాళ్ళు తమ పద్ధతిలో మాంసం కోయడం తెలిసిన పెద్దాయనను వెంట తెస్తున్నారని, మంచి మేకలు కావాలని కబురు వచ్చింది. మేకల విషయంలో తనను మించినవాడు లేడని లక్ష్మీరాజం నమ్మకం. రాయికల్ వారపు అంగడికి స్వయంగా వెళ్ళి ఎంచి తెచ్చాడు. పెళ్ళి మీద ఉన్న అభ్యంతరం మటన్ దాకా రాలేదు.

ముందురోజు సాయంత్రం నన్నూ పిలిచారు. వివాహాధికారి కక్షిదారుల ఇంట్లో భోంచేయవచ్చునా అన్న దానిపై మా శాఖలో ఏ ఉత్తర్వూ లేదు. లేని ఉత్తర్వును ఉల్లంఘించడం సాధ్యం కాదు గనుక వెళ్ళాను. రాజవ్వ వాకిట్లో షామియానా. కింద జంపఖానా మీద తెల్లటి దుప్పటి. పెద్ద పళ్ళెంలో తడిపిన అటుకులు, కొబ్బరి కోరు, పంచదార, పైన పండ్లు, పూలు. ఇదీ వాళ్ళ మలీదా. ఏలియా అనే ప్రవక్త పేరు మీద పెడతారట. ఆయన ప్రతి శుభకార్యానికీ, పిలిచినా పిలవకపోయినా వస్తాడని నమ్మకం. మా వైపు ఆ పని మేనమామలు చేస్తారు. వెనక పెరట్లో, వాళ్ళు వెంట తెచ్చుకున్న గిన్నెల్లో మటన్ ఉడుకుతోంది. మా మగవాళ్ళంతా ప్రవక్తకు వీపు, పెరటికి ముఖం పెట్టి కూర్చున్నారు.

అప్పుడు రాజవ్వ లోపలి నుంచి స్టీలు బేసిన్ పట్టుకొచ్చింది. వేడి రొట్టెలు నలిపి, బెల్లం కలిపి ముద్దలు కట్టిన మన మలీద. నెయ్యి వాసన షామియానా అంతా కమ్ముకుంది. తక్కువ వేస్తే మర్యాద తక్కువవుతుందని చేతికి అడ్డం లేకుండా వేసింది పాపం.

ఠాణే వాళ్ళ చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. సారాబాయి ముఖం పాలిపోయింది. మాంసం కోయడానికి వచ్చిన పెద్దాయనే ప్రార్థన కూడా చేయించేది, ఆయన ఆమె చెవిలో ఏదో అన్నాడు. సంగతేమిటంటే, పాలకు సంబంధించినదీ మాంసమూ కలిపి తినకూడదన్నది వాళ్ళకు గట్టి నియమం. వాళ్ళ మలీదాలో నెయ్యి ఉండదు గనుక మటన్‌కు ముందు అడ్డం రాదు. మలీద అనగానే అది తమ మలీదేనని సారాబాయి అనుకుంది. తమదేనని రాజవ్వ అనుకుంది. ఒకే మాట మీద ఇద్దరూ ఇంత చక్కగా ఒప్పుకుంటే చివరికి ఇలాగే అవుతుంది, మా ఆఫీసులో సగం దస్తావేజులు అందుకు సాక్ష్యం.

రాజవ్వకు ఇవేవీ తెలియవు. ఆమెకు కనిపించింది ఆగిన చేతులు. “నా చేతిది తినరా? బీడీలు జేసిన చేతులనా?” అంది. బేసిన్ కింద పెట్టలేదు, వెనక్కు తీసుకుపోలేదు. “నేను గప్పుడే చెప్పిన గద చెల్లె,” అన్నాడు లక్ష్మీరాజం. ఆ మాటలో ఉన్న తృప్తికి అతన్ని అక్కడే తిట్టాలనిపించింది. లావణ్య గుమ్మంలో నిలబడి ఉంది, ఆ పిల్ల ముఖం చూడలేకపోయాను.

పెద్దాయన లేచి రాజవ్వ దగ్గరికి వెళ్ళాడు. హిందీలో విడమరిచి చెప్పాడు. నెయ్యి మంచిదే, మాంసంతో కలవకూడదు, అంతే. ముందు ఇది తింటాం. తర్వాత దుప్పటి మారుస్తాం, పళ్ళేలు మారుస్తాం, నోళ్ళు కడుక్కుంటాం, మా నాన్న పాటించినట్టు ఒక గంట ఆగుతాం. అప్పుడు మాంసం. ఇలా చెప్పి, రెండు పళ్ళేలూ పక్కపక్కన పెట్టించి, ప్రార్థన చదివి, రాజవ్వ చేతిలోంచి ముద్ద తీసుకుని తిన్నాడు. ఇంకోటి అడిగాడు. తర్వాత వాళ్ళందరూ తిన్నారు. రాజవ్వ కొంగుతో మొహం తుడుచుకుంటూ వడ్డిస్తూనే ఉంది.

“గంటనా?” అని అరిచాడు లక్ష్మీరాజం. మత సమస్యగా మొదలైన ఆయన అభ్యంతరం అప్పటికి పూర్తిగా ఆకలి సమస్యగా మారింది. పెరట్లోంచి మసాలా వాసన వస్తోంది, గిన్నె మూత తీయడానికి లేదు. చేసేదేమీ లేక ఆయన కూడా మలీద ముద్ద తిన్నాడు, ఆ తర్వాత వాళ్ళ అటుకులు తిన్నాడు. ఎదురుగా కూర్చున్న పెద్దాయనను, మాట కలపక తప్పదన్నట్టు, ఏం పనిచేసేవారని అడిగాడు. ముంబైలో బట్టల మిల్లులో, మగ్గాల విభాగంలో మాస్టరుగా చేశానన్నాడు ఆయన. ఇక వినండి. పోగు తెగడం, మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడె ఎగిరిపడటం, పనోళ్ళు దొరక్కపోవడం, నూలు వ్యాపారుల పాపాలు. గంట అయిందని ఎవరో వచ్చి చెబితే, “ఉండుండ్రి, మాట్లాడుతున్నం గద!” అని లక్ష్మీరాజమే విసుక్కున్నాడు.

మర్నాడు నా గదిలో ఇద్దరూ ఒకరినొకరు చట్టబద్ధంగా స్వీకరిస్తున్నట్టు పలికారు. రాజవ్వ ముందుగా వచ్చి సాక్షి సంతకం పెట్టింది. రెండోది సారాబాయి. మూడో సాక్షిగా లావణ్య స్నేహితురాలు కలం అందుకోబోతుంటే లక్ష్మీరాజం అడ్డం వచ్చాడు. సంతకం పెట్టి నా వైపు చూసి, “గీడ మేనమామ అని రాయచ్చునా మేడం?” అని అడిగాడు. చట్టంలో అలాంటి గడి లేదని, సాక్షి అంటే సాక్షేనని చెప్పాను. మన పెళ్ళిలో పిల్లను గంపలో తెచ్చేవాడికి మా రిజిస్టరులో గీత జాగా కూడా లేదని అప్పుడే తోచింది. “ఉండనియ్యి మామా,” అంది లావణ్య. ఆయన ఉండనివ్వలేదు. సంతకం పక్కన పెద్ద అక్షరాలతో ‘మేనమామ’ అని రాశాడు.

రిజిస్టరులో అదనపు రాత ఉంటే కొట్టేయాలి, లేదా అధికారి పక్కన పొడి సంతకం పెట్టాలి. పొడి సంతకం పెట్టాను. తనిఖీకి వచ్చిన పై అధికారి, ఈ మాట ఏమిటో వివరణ ఇవ్వమని మెమో ఇచ్చాడు. ‘వధువు తల్లికి అన్న’ అని జవాబు రాశాను. వివరణ సంతృప్తికరం అని ఫైలు మూసేశారు. నా సర్వీసులో ‘సంతృప్తికరం’ అని రాయించుకున్న ఫైలు అదొక్కటే.

బయటివాళ్ళను కలుపుకోవడమంటే ఉన్న నియమాలు సడలించడమని అంతకుముందు అనుకునేదాన్ని. ఆ పెద్దాయన ఒక్క నియమమూ సడలించలేదు. వడ్డన వరుస మార్చి, గంటసేపు కూర్చోబెట్టాడు. మా శాఖలో నియమాలు ఆయనవాటికన్నా తక్కువే, వరుస మార్చాలంటే మాత్రం సర్క్యులర్ రావాలి.