ఆరు చక్రాలు, నాలుగు నిమ్మకాయలు

మిలటరీ పెరేడ్‌ని ఆపాలంటే శత్రుదేశం కూడా చాలా కష్టపడాలి. నేను నాలుగు నిమ్మకాయలతో ఆపేశాను. అది కూడా నా సొంత పాసింగవుట్ పెరేడ్. నవ్వడానికి తొందరపడకండి, ఇంకా చాలా ఉంది.

మాది అనకాపల్లి. మా నాన్న బెల్లం మార్కెట్లో కలాసీ. ముప్పై ఏళ్లు లారీల్లోకి బెల్లం దిమ్మలు ఎక్కించాడు గానీ ఒక్క రోజు కూడా డ్రైవరు సీట్లో కూర్చోలేదు. నాకు ఆర్మీలో డ్రైవరు ట్రేడు వచ్చిందని తెలియగానే మార్కెట్లో అందరికీ టీలు తాగించాడట. ట్రైనింగ్ చివరి రోజున మా బ్యాచ్ పన్నెండు బండ్లను వేదిక ముందు నుంచి వరసగా తోలుకెళ్లాలి. మొదటి లారీ నాకిచ్చారు. ఫోన్లో ఆ మాట చెబితే నాన్న "మొదటిదేనా?" అని మూడుసార్లు అడిగాడు. తర్వాత "మీ అమ్మకిత్తన్నాను" అని ఫోను అమ్మ చేతిలో పెట్టేశాడు. ఆ మొదటి లారీ నేనే నడపాలని అప్పుడు గట్టిగా అనుకున్నాను.

ఇద్దరూ రెండు రోజులు రైల్లో ప్రయాణం చేసి, ముందురోజు సాయంత్రం ట్రైనింగ్ సెంటర్ గేటు దగ్గర నన్ను కలిశారు. అమ్మ "తిన్నావా" అని కూడా అడగకుండా నా చేతిలో ఓ మూట పెట్టింది. అందులో నాలుగు నిమ్మకాయలు. ఒక్కోదాన్నీ విడిగా నల్లగుడ్డలో చుట్టి ఎర్రదారం కట్టింది.

"నూకాలమ్మ గుడి కాడెట్టి తెచ్చేను. రేపు బండి తీసే ముందు సెక్రాల కిందెట్టు."

"అమ్మా, ఇది మిలట్రీయే!"

"అయితే ఏటి? మిలట్రీ బండికి దిష్టి తగల్దేటి?"

మా ఊళ్లో సెకండ్‌హ్యాండ్ మోపెడ్ కొన్నవాడైనా సరే, నిమ్మకాయలు తొక్కించకుండా గేటు దాటడు. కాబట్టి మూట పుచ్చుకున్నాను.

పొద్దున్నే లారీలు కడిగి వరసలో నిలబెట్టాం. అందరూ టీకి వెళ్లగానే నేను వెనక్కొచ్చి పని మొదలుపెట్టాను. ముందు చక్రాలకి రెండు నిమ్మకాయలు అయ్యాయి. వెనక చూస్తే అటు జంట చక్రాలు, ఇటు జంట చక్రాలు. అమ్మ కార్ల లెక్కన తెచ్చింది, నా లారీకి ఆరు కావాలి! పెడితే అన్నింటికీ పెట్టాలి గదా, మిగిలిన రెండు చక్రాలూ ఏం పాపం చేశాయి? లంగరుకి, అంటే మా వంటశాలకి, పరుగెత్తాను. నిమ్మకాయలన్నీ అతిథుల షర్బత్‌కి పిండేశారు. దొరికినవి రెండు ఉల్లిపాయలు. నల్లగుడ్డ లేదు కాబట్టి నా పాత నల్ల సాక్సు జత వాటికి తొడిగాను. ఇంతకంటే తెలివిగా ఎవరాలోచిస్తారు చెప్పండి!

ఉస్తాద్, అంటే మా ట్రైనర్, చివరి తనిఖీకి వచ్చి చేతికర్రతో చక్రం కింద గుచ్చాడు. నల్లగుడ్డ, ఎర్రదారం కనపడ్డాయి.

"ఇదేంటి? ఎవరు పెట్టారు?" అని హిందీలో అరిచాడు.

"నేనే" అంటే అక్కడితో అయిపోయేది. కానీ అంటే మొదటి లారీ పోతుంది. నోరు మూసుకుని అటెన్షన్‌లో నిలబడ్డాను. ఉస్తాద్ బాంబనుకుని నాలుగడుగులు వెనక్కి దూకి విజిల్ ఊదాడు.

అంతే. షామియానాలో ఉన్న తల్లిదండ్రులందరినీ ఫుట్‌బాల్ గ్రౌండ్‌లోకి తరలించి తాడు కట్టేశారు. మా కమాండింగ్ ఆఫీసరు పరుగున వచ్చాడు. కుక్క కూడా వచ్చింది. అది నిమ్మకాయల్ని వాసన చూసి ఊరుకుంది. సాక్సు దగ్గరికి రాగానే రెండుసార్లు తుమ్మి వెనక్కి పారిపోయింది. ఆ సాక్సు ఉతికి పది రోజులైంది, కుక్కదేం తప్పు లేదు. కానీ కుక్కని పట్టుకున్నవాడు దాన్ని ఇంకో రకంగా అర్థం చేసుకుని, అందర్నీ మరో వందడుగులు వెనక్కి నెట్టించాడు.

అప్పుడు తాడు అవతలనుంచి అమ్మ గొంతు వినపడింది.

"అయ్యో, తీసీకండి బాబూ! అయి మావోడే ఎట్టేడు! బండి తొక్కకుండా తియ్యకూడదు!"

"ఆవిడేమంటోంది? తెలుగు ఎవరికొచ్చు?" అన్నాడు ఆఫీసరు. పదకొండు వేళ్లు నావైపు తిరిగాయి.

"మా అమ్మ సార్. సైన్యం చల్లగా ఉండాలి అంటోంది సార్."

"ఇంత కోపంగానా?"

"దేశభక్తి ఎక్కువ సార్."

నేను మర్చిపోయిందేమిటంటే, మా నాన్న ఎక్కించే బెల్లం సగం ఉత్తరాది లారీల్లోనే పోతుంది. ఆ డ్రైవర్లతో మాట్లాడీ మాట్లాడీ ఆయనకి హిందీ బాగా వచ్చు. తాడు దగ్గరికొచ్చి దణ్ణం పెట్టి, "సాబ్, ఆమె అలా అనలేదు. అవి నిమ్మకాయలు. మావాడే పెట్టాడు" అని హిందీలో చెప్పేశాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"ఏరా, మీ అమ్మ మాటే మార్సి సెప్తావా? లారీ పోతే పోనీ. అబద్ధవాడి నువ్వు బండి తోల్తంటే నేనెలాగ సూడాల్రా?"

అంత సిగ్గు నాకు ఎప్పుడూ కలగలేదు. ఆఫీసరు ఎదుటికెళ్లి అంతా ఒప్పుకున్నాను. అయినా రూలు రూలే గనక, కుక్కవాడు పొడుగాటి కర్రతో అన్నీ బయటికి లాగి లెక్క చెప్పాడు: "నాలుగు నిమ్మకాయలు, రెండు ఉల్లిపాయలు, రెండు సాక్సులు సార్."

"ఉల్లిపాయలెందుకు?" అన్నాడు ఆఫీసరు.

"లంగరులో నిమ్మకాయలు అయిపోయాయి సార్."

ఆయన మీసం కదిలింది. నవ్వో కోపమో తెలియలేదు. మొదటి లారీ పోయింది. పన్నెండో బండి, అంటే నీళ్ల ట్యాంకరు, నాకిచ్చారు.

పెరేడ్ గంట ఆలస్యంగా సాగింది. నా ట్యాంకరు వచ్చేసరికి జనం సమోసాల మీద పడ్డారు. నాన్న ఒక్కడే నిలబడి సెల్యూట్ కొట్టాడు, అదీ ఎడమచేత్తో. కుడిచేత్తో కళ్లు తుడుచుకుంటున్నాడు మరి.

సర్టిఫికెట్లు ఇచ్చాక ఆఫీసరు మా దగ్గరికొచ్చి, "మీవాడి బండి ఎక్కుతారా? గ్రౌండ్ చుట్టూ ఒక రౌండ్" అని నాన్నని అడిగాడు.

నాన్న ట్యాంకరు వైపు చూశాడు, నావైపు చూశాడు. చేతులు కట్టుకుని, "ఎక్కుతాను సాబ్. కానీ మావాడు తోలే బండి మొదటిసారి ఎక్కుతున్నాను. ఒక్క నిమ్మకాయ పెట్టుకోవచ్చా?" అన్నాడు.

"ఒక్కటే. ఉల్లిపాయలు వద్దు" అన్నాడు ఆఫీసరు.

నాన్న కుక్కవాడి దగ్గర్నుంచి ఓ నిమ్మకాయ తెచ్చి ముందు చక్రం కింద పెట్టాడు. "నాన్నా! ఇందాక దీనికేగా నన్ను తిట్టేవు?"

"నిమ్మకాయకి కాదురా. నువ్వు దాసి ఎట్టేవు, నేను అడిగి ఎట్టేను. ఎక్కు."

పక్క సీట్లో కూర్చుని, "మెల్లిగా తోలు. బెల్లం లోడనుకో" అన్నాడు. చక్రం కింద నిమ్మకాయ చితికింది. దూరంగా అమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

అందుచేత పాఠకమహాశయులారా, నా స్టీరింగ్ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. పై అధికారిని అడగకుండా ఏ చక్రం కిందా ఈ జన్మలో నిమ్మకాయ పెట్టను. ఉల్లిపాయైతే అడిగి కూడా పెట్టను.