దడి అవతలి కేసుమాకు

బండి వాకిట్ల ఆగంగనే ఆమె మంచాల దిక్కు చూడలేదు, గిన్నెల మూట దిక్కు చూడలేదు. ముందుగాల ఒక తుప్పు పట్టిన నూనె డబ్బా దించుకున్నది. డబ్బా నిండ మట్టి, మట్టిల పిడికెడంత పచ్చటి మొక్క. దాన్ని సంకన పెట్టుకొని, కొత్తింట్ల కాలు పెట్టకముందే దడి దగ్గరికి వచ్చి నన్ను పిలిచింది.

"అమ్మాయ్, కాసిని నీళ్ళు ఇస్తావా? దారంతా ఎండే."

నేను లోట నిండ నీళ్లు తెచ్చిచ్చిన. ఆమె ఒక్క గుక్క కూడ తాగకుండ మొత్తం డబ్బాల పోసింది. మళ్ల లోట నాకు అందిస్తే, ఈసారి ఆమెకోసం ఇంకో లోట తెచ్చిన.

మా అత్తగారిది ఎడపల్లి. ఊరి చివర ఇల్లు, ఇంటెనుక పెరడు, పెరడు దాటితే మా చెరుకు. ఆంధ్ర, తెలంగాణ ఒక్క రాష్ట్రమై అప్పటికి ఐదారేండ్లయి ఉంటది. కోస్తా దిక్కు రైతులు వచ్చి బోధన్ చుట్టుపక్కల కాలువ కింద భూములు కొంటున్న రోజులు. అట్ల వచ్చినోళ్లే ఈమె, ఈమె పెనిమిటి. మా ఇంటికి, వాళ్లింటికి నడుమ తుమ్మకంప దడి ఒక్కటే అడ్డం. ఊరంత ఆమెను ఆంధ్రామె అంటుండె. నేను మాత్రం అక్కా అని పిలిచిన. నాకు పెండ్లయి నాలుగేండ్లు, ఇంకా పిల్లలు లేరు. ఆమెకు ముప్ఫై దాటినయి, ఇద్దరు పిల్లలు బడికి పోతుండిరి. మొగోళ్లు చేన్లకు, పిల్లలు బడికి పోయినంక ఇద్దరం దడికి చెరొక దిక్కు నిలబడి ముచ్చట పెట్టుకుంటుంటిమి. ఆమె మాట నాకు కొంచెం వింతగ, నా మాట ఆమెకు ఇంకొంచెం వింతగ ఉండె. అయినా ముచ్చట ఎన్నడు ఆగలేదు.

మొక్క సంగతి రెండో రోజే చెప్పింది. ఆమె పుట్టింది సముద్రం అవతల మలయా దేశంల, రబ్బరు తోటల. వాళ్ల నాయన చిన్న వయసుల ఓడెక్కి పోయి, ఆడ చెట్లకు గాట్లు పెట్టి పాలు తీసే పనిల కుదిరిండట. పెండ్లి మాత్రం సొంతూరి పిల్లగానితోనే ఖాయం చేసి ఈమెను ఓడెక్కించిండ్రు. రేవు కాడ వాళ్లమ్మ బట్టల పెట్టెతోని పాటు నాలుగు కొమ్మలు తడిగుడ్డల చుట్టి చేతిల పెట్టింది. ఓడల మంచినీళ్లు మనిషికింత అని కొలిచి ఇస్తుండిరట. అండ్ల సగం కొమ్మలకే పోయింది.

"మా ఆయన ఇప్పటికీ దెప్పుతాడు," అన్నది నవ్వుకుంట. "పెళ్ళికూతురు వస్తుందని రేవుకి వెళ్తే, కళ్ళు పీక్కుపోయిన పిల్లా, నవనవలాడే మొక్కా దిగాయట."

మలయావాళ్లు ఆ మొక్కను కేసుం అంటరట. ఆమె కేసుమాకు అనేది. ఇప్పుడు మొక్కలమ్మేటోళ్లు వియత్నాం పుదీన అని చెప్పి ఇస్తున్నరు గని, పుదీనకు దీనికి చుట్టరికం లేదు. ఆకు మిరపాకు లెక్క సన్నగ, పొడుగ్గ ఉంటది. నడుమ గోధుమరంగు మచ్చ, ఎవరో తడి వేలితోని నామం దిద్దినట్టు. కాడ మాత్రం అచ్చం చెరుకే, గణుపు గణుపుకు వేరు పడతది. ఆకు నలిపితే ముందుగాల కొత్తిమీర వాసన, ఎనుక నిమ్మతొక్క వాసన. నమిలితే మిరియం లెక్క సుర్రుమంటది.

కోస్తాల వాళ్ల బావి నీళ్లు ఉప్పగ ఉంటుండెనట. పదేండ్లు డబ్బాల ప్రాణం నిలబెట్టింది తప్ప ఆ మొక్క నేల మీద పాకనే లేదట. ఎడపల్లిల గిన్నెలు తోమే బండ పక్కన, నీళ్లు పారే తావు చూసి నాటింది. నల్లరేగడి, ఎప్పుడు ఆరని తడి. రెండు నెలలు తిరగకముందే బండ చుట్టు మంచమంత పరుచుకున్నది. పొద్దుపొద్దున అక్క దాని ముందట కూసొని, ఆకుల మీద చెయ్యి అట్ల నిమిరి లేస్తుండె.

ఇగ మా అత్త సంగతి. మనిషి మంచిదే, నాలికే జర కారం. మామ కాలం చేసినంక ఇల్లు, ఎవుసం ఆమె చేతి మీదనే నడుస్తుండె. మా ఆయన కూడ ఆమె మాట దాటకపోతుండె. కొత్త వస్తువు ఏది ఇంట్లకు రావాలన్నా ముందుగాల ఆమె ముక్కు దాటాలె. ఒకనాడు అక్క కొమ్మ తుంచి దడి మీదికెల్లి అందిస్తే, మా అత్త వాసన చూసి మొహం అటు తిప్పింది.

"నల్లుల వాసనొస్తున్నది. గిది తింటరా మీ దిక్కు?"

"కొత్తిమీర కూడా అలాగే ఉంటుంది కదండీ పిన్నిగారూ," అన్నది అక్క.

"కొత్తిమీర కొత్తిమీరనే. గిది నల్లులాకే."

ఆమె మాటంటే మాటే. ఆనాటి సంది మా ఇంట్ల దాని పేరు నల్లులాకు.

నేను దాని రుచి చూసింది ఆ ఎండకాలం మొదట్ల. కాలువ బంద్ చేస్తే మడుగులల్ల చేపలు చిక్కుతయి. మా అత్త ఆ రోజు నిజామాబాదుకు, కంఠేశ్వర్ గుడికని పోయింది. అక్క కొర్రమట్ట పులుసు వండి నన్ను లోపలికి పిలిచింది. మట్టి సట్టిల చింతపండు పులుసు, నూరిన ఎండుమిరప ముద్ద, దించే ముందట చేతినిండ కేసుమాకు. నేను మూడుసార్లు అన్నం పెట్టించుకున్న. కండ్లకెల్లి నీళ్లు, ముక్కుకెల్లి నీళ్లు, అయినా చెయ్యి ఆగలేదు. అక్క నా మొహంల మొహం పెట్టి చూసి అడిగింది.

"మా అమ్మ చేసినట్టు లేదు కదూ?"

"మీ అమ్మ చేసింది నేనెప్పుడు తిన్ననక్కా?"

ఆమె పొట్ట పట్టుకొని నవ్వింది.

అప్పటినుంచి మొదలైంది నా దొంగతనం. ఎండలు ముదిరితే మాకు పచ్చిపులుసు లేనిదే ముద్ద దిగదు. చింతపండు పిసికి, ఉల్లిగడ్డ కోసి, పచ్చిమిరపకాయ నిప్పుల మీద కాల్చి వేసి, పైన కొత్తిమీర చల్లుతం. ఆ ఎండలకు కొత్తిమీర నిలువదు. మళ్లల్ల పూతకొచ్చి ఎండిపోతది, అంగడిల కొన్నది ఇల్లు చేరేసరికి ఒరిగిపోతది. అక్క పెరట్ల కేసుమాకు మాత్రం నిగనిగలాడుతుండె. నాలుగాకులు అడిగి తెచ్చి, మచ్చలు కనపడకుండ సన్నగ తరిగి పులుసుల వేసిన. మా అత్త ఒక్క గుక్క తాగి ఆగింది.

"ఇంకింత పొయ్యి," అన్నది.

ఆ ఎండకాలమంత అట్లనే నడిచింది. నడుమ నడుమ "ఈయేడు కొత్తిమీర మంచిగున్నది" అంటుండె. నేను పొయ్యి దిక్కు తిరిగి ఊ కొడుతుంటి.

వానలు మొదలైనయి. నాకు ఆ ఆకు మీద పాణం ఇంకింత ఎక్కువైంది. ఒట్టి ఆకే దడి కాడ నిలబడి నమిలేదాన్ని. పొద్దున ఒకపారి, మాపు ఒకపారి పోయి అడుగుతుంటి. ఒకనాడు అక్క నా చెయ్యి దిక్కు చూసి, ఆకు తుంచబోయి ఆగింది.

"ఇవాళ వద్దులే చెల్లాయ్."

తెల్లారి అడిగితే కొమ్మలు ముదిరినయన్నది. మూడోనాడు పోయేసరికి మొక్క మీద పెద్ద గంప బోర్లించి ఉన్నది. గంప కిందికెల్లి ఆకులు పచ్చగ, లేతగ తొంగి చూస్తున్నయి.

"ఆకు ఉన్నది కదక్కా?"

"ఉంది. నీకు మాత్రం ఇప్పుడు ఇవ్వను," అని లోపలికి పోయింది.

నాకు ఏడుపొచ్చింది. ఆకు కోసం కాదు. నాలుగేండ్ల సంది పిల్లలు లేని కోడల్ని నేను. పురిటింట్ల పసిపిల్లను ఎత్తుకోబోతే ఎవరో ఒకరు నవ్వుకుంటనే బిడ్డను అందుకుంటుండిరి. పేరంటంల నా వంతు వచ్చేసరికి పసుపు గిన్నె ఎటో పోతుండె. ఊరోళ్ల సంగతి సరే, ఈమె కూడ నా చెయ్యి తగిలితే మొక్క చెడుతదని అనుకున్నదా? ఆనాటి సంది దడి కాడికి పోలేదు. ఆమె రెండుసార్లు పిలిచింది, పలుకలేదు. పది రోజులు అట్లనే గడిచినయి.

పదకొండోనాడు మా అత్త పచ్చిపులుసు తాగి గిన్నె కింద పెట్టింది.

"సప్పగున్నది. నల్లులాకు వేస్తలేవా?"

నా చేతిల గంటె ఆగిపోయింది. "నీకు తెలుసా అత్తమ్మా?"

"మంట మండే ఎండల కొత్తిమీర యాడికెల్లొస్తది? నేను ముసలిదాన్నయిన గని నా ముక్కు ముసలిది కాలే. నువ్వు ఇష్టంగ తింటున్నవు కదాని ఊకున్న. ఇప్పుడెందుకు బందయింది?"

జరిగింది చెప్పిన. మా అత్త చెయ్యి కడుక్కొని, కొంగు నడుముకు చెక్కి బయటికి నడిచింది. లొల్లి తప్పదనుకొని నేను తలుపెనుక నిలబడ్డ. ముందు మా అత్త మాట గట్టిగనే వినిపించింది. ఆ తర్వాత అక్క ఏందో చెప్పింది. ఆమె మాట తగ్గింది, ఈమె మాట తగ్గింది. ఇగ గుసగుసలే.

మా అత్త మెల్లగ తిరిగొచ్చింది. నా మొహం దిక్కు చూడకుండ, మూలకున్న నీళ్ల బిందె దిక్కు చూసింది.

"రేపటి సంది నువ్వు బిందె ఎత్తకు," అన్నది.

"ఎందుకు అత్తమ్మా?"

"నువ్వు బయట కూసొని ఎన్ని దినాలాయె?"

నాకు నెలలు ఎన్నడు సరిగ రాకపోతుండె. మొదటి రెండేండ్లు ఆశపడి ఆశపడి, ఆ తర్వాత దినాలు యాది పెట్టుకునుడే మానేసిన. వేళ్ల మీద వారాలు లెక్క పెట్టబోయిన, ఒక చెయ్యి వేళ్లు అయిపోయినయి, రెండో చెయ్యి మొదలుపెట్టిన, మళ్ల తప్పింది. మా అత్త నా రెండు చేతులు పట్టుకొని పీట మీద కూసొబెట్టింది. మూలకున్న బిందె తానే సంకన పెట్టుకొని నీళ్లకు పోయింది. అది నేను మొదటిసారి చూసిన.

ఆ మాపు అక్క దడి కాడ నాకోసం నిలబడి ఉన్నది.

"మా అక్కడ కడుపుతో ఉన్నవాళ్ళకి ఈ ఆకు పెట్టరు. మొదటిసారి కడుపొచ్చినప్పుడు, ఓడెక్కేముందు మా అమ్మ చెప్పిన మాట లెక్కచెయ్యకుండా తిన్నాను. మూడో నెలలో పోయింది. ఆకు వల్లో కాదో దేవుడికే తెలియాలి. నువ్వు ఒట్టి ఆకు అలా నములుతుంటే, తాలింపు వాసనకి ముక్కు మూసుకుంటుంటే నాకు అనుమానం వచ్చింది."

"నోరు తెరిచి చెప్పొచ్చు కదక్కా. పది రోజులు ఏడ్చిన."

"చెప్పాక అది నిజం కాకపోతే? నాలుగేళ్ళుగా ఎదురుచూసినదానివి. మళ్ళీ నీ మొహం నేనెలా చూడను? ఇంకో రెండు వారాలు పోనిద్దామనుకున్నా. నువ్వు కోప్పడితే కోప్పడ్డావులే అనుకున్నా."

నేను దడి మీదికెల్లి చెయ్యి చాపిన. తుమ్మముల్లు గీరుకుపోయింది. ఇద్దరం ఆ గీతను చూసుకుంట నవ్వినం, ఏడ్చినం.

బోధన్ల డాక్టరమ్మ కూడ నేను కడుపుతోని ఉన్ననని చెప్పింది. మా అత్త ఇగ కావలి మొదలుపెట్టింది. గంప గాలికి ఒరిగినా దడి అవతలికి కేకేసి సర్దించేది. పాపం అక్క తన ఇంట్ల పులుసు వండుకోవాలంటే కూడ కిటికీ మూసి వండుకున్నది, వాసనకు నేను ఆగనని.

మొదటి కాన్పు మాక్లూర్ల మా తల్లిగారింట్ల అయింది. ఊరంత పసుపు ఉడకబెట్టే రోజులు, ఇంటింటి ముందు కాగులు, పొగ, ఆ పచ్చి వాసన. ఆడపిల్ల పుట్టింది. నల్లగ, గట్టిగ, నెత్తి నిండ ఎంటికలతోని. బాపు సంబరపడి పసుపు కొమ్ములు తిప్పుతున్నోళ్లందరికి బెల్లం పంచిండు.

మూడో నెల నిండినంక బిడ్డతోని ఎడపల్లికి వచ్చిన. మా అత్త చుట్టాలను పిలిచి భోజనాలు పెట్టింది. వంట ఎవరితోని చేయిస్తదో ఎవరికి చెప్పలేదు. పొద్దున్నే దడి కాడికి పోయి అక్కను పిలిచింది.

"కొర్రమట్ట పులుసు నువ్వే వండాలె బిడ్డా. మా పొయ్యి మీదనే."

పొయ్యి ఇంకొకళ్లకు ఇచ్చుడు మా అత్తకు ఎంత కష్టమో నాకు తెలుసు. అక్కకు కూడ తెలుసు. ఆమె కేసుమాకు ఒక గంపెడు కోసుకొని వచ్చింది. నలభై మందికి వండింది. ఆకులు వేసే వేళకు వాసన వాకిట్లదాక పోయింది. చుట్టాలు ఏందిది, ఏందిది అనుకుంటనే తిన్నరు, మళ్ల అడిగి వడ్డించుకున్నరు. మా ఆయన దొన్నె ఎత్తి తాగిండు. అందరు తిన్నంక అక్క పెరట్లకు పోయి గోడకు ఆనుకొని ఒక్కతే నిలబడ్డది. ఓడ దిగినంక ఇంతమందికి ఆ పులుసు వండుడు ఇదే మొదటిసారి అన్నది. వాళ్లమ్మను మళ్ల చూస్తనో లేదో అని కూడ అన్నది. మా అత్త బిడ్డను తీసుకపోయి ఆమె చేతులల్ల పెట్టింది. చాలసేపు తిరిగి తీసుకోలేదు.

ఆ ఏడే మా పెరట్ల కూడ కొమ్మ నాటింది మా అత్త, తన చేతితోనే. పేరు మాత్రం మార్చలేదు. ఊరంత పంచింది, అందరు దాన్ని నల్లులాకు అనే తీసుకపోయిండ్రు.

నన్ను కన్న అవ్వ కూడ నాలుగు గణుపులు మాక్లూరుకు తీసుకపోయింది. అది కాస్త పసుపు మడిలకు పాకింది. పీకినకొద్ది మొలుస్తున్నదని బాపు ఊళ్లె సదువుకున్నోనితోని ఉత్తరం రాయించిండు, నిండ తిట్లే. ఆ ఉత్తరం చివర రెండు వరుసలు అవ్వ చెప్పి రాయించినయి. ఆ ఆకుతోని అక్క ఇంకేం కూరలు వండుతదో అడిగి రాయమన్నది.