కొట్టేసిన మైనస్‌లు

పాఠ్యపుస్తకాల ప్రెస్సులో ప్రూఫులు దిద్దే ఆయన్ని అందరూ కామాగారనేవారు. ముప్ఫై ఏళ్లలో ఆయన కన్నుగప్పి ఒక్క కామా కూడా దాటిపోలేదని పేరు. ఆ పేరు తలకెక్కిన రోజుల్లోనే ఆయన ఆ పని చేశారు.

విస్తరిస్తున్న విశ్వం గురించిన పాఠమది. గురుత్వాకర్షణ వల్ల గెలాక్సీలకుండే స్థితిశక్తి ముందు రచయిత మైనస్ గుర్తు పెట్టారు. శక్తి ఉంటే ఉంటుంది, లేకపోతే సున్నా, అంతకన్నా తక్కువెలా అవుతుందని కామాగారు నవ్వుకున్నారు. రచయితను మాటవరసకైనా అడక్కుండా పదకొండు చోట్ల ఎర్రసిరాతో కొట్టేశారు.

పుస్తకాలు బడులకు చేరాక గగ్గోలు పుట్టింది. రచయిత రాతప్రతిలో మైనస్‌లు భేషుగ్గా ఉన్నాయి. దిద్దిన ప్రూఫులు ఎప్పుడో చిత్తుకాగితాల్లో పోయాయి. మేనేజరు డీటీపీ చేసిన అమ్మాయిని పిలిచి చెడామడా తిట్టారు. పక్క బల్ల దగ్గరే ఉన్న కామాగారు తలెత్తకుండా ప్రూఫులు దిద్దుతూ కూర్చున్నారు. ఆ సాయంత్రమే ఆమె టిఫిన్ డబ్బా, కుర్చీ మీది దిండు సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

తర్వాత ఆయనకు ముద్ద దిగలేదు. భార్య అడిగితే గ్యాసన్నారు. తన వాదనలో కాస్తయినా నిజముందేమోనని లైబ్రరీలో భౌతికశాస్త్రం పుస్తకాలన్నీ తిరగేశారు. లేదు.

రెండు నెలలకు ఆ డీటీపీ అమ్మాయి ఓ జిరాక్స్ షాపులో పనిచేస్తూ కనిపించింది.

"అమ్మా, ఆ మైనస్‌లు తీసేసింది నేను."

"తెలుసు బాబాయ్. మీ ఎర్రగీతలు చూసి మార్చింది నేనేగా."

"మరి ఆ రోజు చెప్పలేదేం?"

"మీరు చెప్తారనుకున్నాను."

కాగితాలు సర్దుతూనే, అసలు శక్తికి మైనస్ ఏమిటని అడిగింది. ఆయన కౌంటరు మీద వేలితో గొయ్యి గీసి చూపించారు. గట్టు సున్నా అయితే గోతిలో ఉన్నవాడు సున్నాకు కిందే. ఒకదాన్నొకటి లాక్కునే గెలాక్సీలూ అలాగే గోతిలో ఉన్నట్టు లెక్క, దూరం జరిగేకొద్దీ గట్టువైపు ఎక్కుతున్నట్టు.

"పదకొండు చోట్లా మైనస్ ఒకేలా ఉంటే తప్పెలా అవుతుందని అప్పుడే అనిపించింది. మిమ్మల్ని అడగడానికి జంకాను," అందామె.

మర్నాడు కామాగారు అందరి ముందూ మేనేజరుకు జరిగింది చెప్పేశారు. మేనేజరు ఆమెను మళ్లీ పనిలోకి రమ్మని ప్యూనుతో కబురు పంపారు.

ఆమె రాలేదు. వెళ్లొచ్చిన ప్యూనును ఆమె ఏమందో అడిగే ధైర్యం కామాగారికి లేకపోయింది.