గోడలోంచి మాట్లాడే నాగభూషణరావు గారు

నాగభూషణరావు గారికి ఒకటే పిచ్చి. మనిషి నరసరావుపేటలో ఉంటారు, గొంతు మాత్రం మాచర్ల గోడలోంచి వస్తుంది. ఆయనకు మూడు ఊళ్లలో మిర్చి కోల్డ్ స్టోరేజీలున్నాయి. పోయినేడు మూడింటికీ, పేటలోని తన ఆఫీసుకూ కెమెరాలు, స్పీకర్లు, వేలిముద్ర తాళాలు బిగించి, అన్నిటినీ క్లౌడ్‌కు కలిపి తన ఫోన్లో పెట్టుకున్నారు. కుర్చీలోంచి లేవకుండా ఏ గేటైనా తెరుస్తారు, ఎవరి వేలిముద్రనైనా తీసేస్తారు. నెల కిందట జరిగింది కూడా మళ్లీ చూడగలరు.

"పుల్లారావూ! లాటు నంబరు గోడకేసి పెట్టావేంది? బస్తా తిప్పు!" అంటుంది గోడ. హమాలీ పుల్లారావు ఉలిక్కిపడి బస్తా కాలిమీద వేసుకుంటాడు. ఒకసారి మాచర్లకు స్వయంగా వచ్చి కూడా, పక్కగదిలో కూర్చుని గోడలోంచే మంచినీళ్లు అడిగారు.

అందరూ నవ్వుకునేవారు, వాచ్‌మన్ ఏసోబు తప్ప. గేటు దానంతటదే తెరుచుకుంటే, గోడకు కళ్లొస్తే, ఇక కాపలావాడెందుకు? అరవై రెండేళ్ల వయసులో ఈ పని పోతే ఇంకెవరిస్తారు? ఆ బెంగతో కెమెరా ముందు కర్ర మింగినట్టు కూర్చునేవాడు. వస్తూ పోతూ దానికి సెల్యూట్ కొట్టేవాడు.

"ఏసోబూ, ఎన్ని దండాలయ్యా? నేనేమన్నా కోటప్పకొండ సామినా?"

"ఉండనీండయ్యా, చేతులు ఖాళీగానే ఉన్నయ్ గదా."

ఒక మధ్యాహ్నం మూడో అంతస్తు తలుపులు చూసొచ్చి, కూర్చున్నవాడు కూర్చున్నట్టే కునుకు తీశాడు. మెలకువ వచ్చేసరికి గోడ మౌనంగా ఉంది. తిట్టే మనిషి తిట్టకపోతే ఎంత భయమో ఏసోబుకు ఆరోజే తెలిసింది.

మర్నాడు పొద్దున గేటు దగ్గర వేలు పెట్టాడు. ఎర్రలైటు. లుంగీకి తుడిచి పెట్టాడు. మళ్లీ ఎర్రలైటే.

"నీ వేలు నేనే తీసేశా" అంది గోడ.

ఏసోబు కెమెరాకేసి చేతులు జోడించాడు. "అయ్యా, ఒక్క కునుకు... ముప్పై ఏళ్ల నుంచి ఉన్నా గదయ్యా."

"కునుకు సంగతి ఎవడడిగాడు? నెలరోజులవి వెనక్కి తిప్పి చూశా. అప్పుడు మెట్లు ఒక్క ఊపున ఎక్కేవోడివి. ఇప్పుడు అయిదు చోట్ల ఆగి గుండె పట్టుకుంటన్నావు. మార్తమ్మకన్నా చెప్పావా?"

ఏసోబు ఆమెకూ చెప్పలేదు. భార్యకు చెబితే ఇంట్లో కూర్చోమంటుంది, అయ్యగారికి తెలిస్తే మానెయ్యమంటారు. అందుకే నాలుగు వారాలు ఎవరికీ చెప్పకుండా ఆయాసపడ్డాడు.

"కారు పంపించా. ఇక్కడ పేటలో డాక్టరుతో మాట్లాడా, నేనూ వస్తా. చూపించుకునేదాకా ఈ గేటు నీకు తెరుచుకోదు. జీతం నడుస్తనే ఉంటది, ఏడవమాక."

చూస్తున్నారంటే అనుమానమేనని ఇన్నాళ్లూ ఏసోబు నమ్మకం. మనిషిని అంత పట్టి చూడటానికి ఇంకో కారణం ఉంటుందని ఎన్నడూ తట్టలేదు. గోడకేసి చూస్తే కళ్లు చెమ్మగిల్లాయి.

మూడు వారాలకు మందుల సంచితో తిరిగొచ్చాడు. మెట్లెక్కే పని పుల్లారావుకు అప్పగించారు. ఏసోబుకు ఆఫీసు గదిలో కుర్చీ, ఎదురుగా మూడు ఊళ్ల గోదాములూ, పేట ఆఫీసూ కనిపించే తెర, ఒక మైకు ఇచ్చారు.

ఏసోబు గంటసేపు బుద్ధిగా చూశాడు. తర్వాత మైకు దగ్గరకు లాక్కున్నాడు. అక్కడ నరసరావుపేటలో నాగభూషణరావు గారు సొరుగులోంచి జిలేబీ తీసి నోటిదాకా తెచ్చేసరికి, వెనక గోడ దగ్గింది.

"అయ్యా, షుగరు గురించి డాక్టరు మీకేం చెప్పాడో నేనూ విన్నా. అది కింద పెట్టండి."