మా బావ, రెండు రైఫిళ్లు

మా బావ యజ్ఞనారాయణ రెండు చూడనిదే ఒకటి కొనడు. తను చనిపోయిన రోజు సాయంత్రం కూడా హెర్న్‌డన్‌లో కూరల షాపులో రెండు చేతుల్లో రెండు కాలీఫ్లవర్లు పట్టుకుని ముప్పావుగంట నిలబడ్డాడు. ఒకటి కొన్నాడు. ఇంటికొచ్చి సోఫాలో నడుం వాల్చాడు. మళ్లీ లేవలేదు.

పరామర్శకు వచ్చిన ఒకాయన, "చివరి రోజు కూడా కాలీఫ్లవర్‌కి ముప్పావుగంటా!" అని నవ్వాపుకోలేకపోయాడు. అవునండీ, ముప్పావుగంటే. అయితే ఏమిటిట? ఆయన టైము, ఆయన కాలీఫ్లవర్. నవ్వేవాళ్లు నవ్వుకోండి. ఆయన నిదానాన్ని నేను మాత్రం ఎవరి ముందైనా వెనకేసుకొస్తాను.

ఆయన వంతెనల ఇంజనీరు. వంతెనకి ఆ జాగ్రత్త ఉండాల్సిందే. టోస్టర్‌కి కూడా అంతే జాగ్రత్త. డెబ్భై ఏడులో టోస్టర్ కొనడానికి బయల్దేరితే, ఇంట్లో బ్రెడ్డు కాలింది డెబ్భై తొమ్మిదిలో. మా అక్క లీలని చూడడానికి వచ్చినప్పుడు, "అమ్మాయి బాగుంది. ఇంకో సంబంధం కూడా చూసి చెప్తాం" అన్నాట్ట. చూసి చెప్పడానికి పదకొండు నెలలు పట్టింది.

"ఆ రెండో అమ్మాయి ఎలా ఉందిట?" అని అక్క ఎప్పుడడిగినా, ఆయన ఉన్నమాటే చెప్పేవాడు.

"ఆవిడా బాగానే ఉంది."

"మరి నన్నెందుకు చేసుకున్నారు?"

"నేను తేల్చుకునేలోపు ఆవిడకి పెళ్లైపోయింది లీలా."

ఎనభై రెండు నవంబరులో, దసరా వెళ్లిన రెండో వారంలో, మా కంపెనీకి కాంట్రాక్టు పోయింది. దాంతో నా ఉద్యోగమూ పోయింది. అప్పుడు అక్కావాళ్ల బేస్‌మెంట్‌లో ఉండేవాణ్ణి. గడ్డం గీసుకోవడం మానేశాను. ముచ్చటపడి కొనుక్కున్న కెమెరా ఎవరికో ఇచ్చేశాను. ఒకరోజు భోజనాల దగ్గర, రైఫిల్ కొంటానన్నాను. వేటకీ పనికొస్తుంది, గురి చూసి కొట్టడం నేర్చుకోడానికీ పనికొస్తుంది అన్నాను. నిజం ఇప్పుడు రాయడానికి నాకేం సిగ్గులేదు. నాకప్పుడు బతకాలని లేదు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఎవరికీ తెలియదనే అనుకున్నాను.

"బొద్దింక కనపడితే కుర్చీ ఎక్కుతావు, నువ్వు వేటాడతావుట్రా!" అంది అక్క.

బావ పెరుగన్నం కలుపుకుంటూనే, "ఎన్ని చూశావు?" అన్నాడు.

"ఒకటి."

"ఒకటే! రెండోది చూడకుండా ఎలా కొంటావురా శ్యామ్? శనివారం నేనూ వస్తా. నన్ను కాదని వెళ్లావో, ఊరుకోను."

ఆ తుపాకుల షాపు పడమటి రోడ్డు మీద, కొండలు మొదలయ్యే చోట ఉండేది. ఓనరు విల్బర్ అరవై ఏళ్ల మనిషి. నేను అడిగినట్టే రెండు సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు తీసి బల్లమీద పెట్టాడు. ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక గుండు పేలుతుంది, తర్వాతది తనంతట తనే వచ్చి కూర్చుంటుంది. ఒకదానికి వాల్‌నట్ కర్ర, బరువు ఎక్కువ. రెండోది నల్లది, తేలిక.

"బరువుది గురికి మంచిది. తేలికది అడవిలో తిరగడానికి మంచిది. కాని ఏదైనా రెండిటికీ పనికొస్తుంది" అన్నాడు విల్బర్.

ఆ ఆఖరి మాట అనకుండా ఉండాల్సింది. బావ కళ్లజోడు తుడుచుకున్నాడు.

"కొంచెం అటు తిప్పండి. ఆఁ, ఇప్పుడు ఇటు. దీని చప్పుడు ఎలా ఉంటుంది? మర్యాదగా ఉంటుందా?"

"సర్, ఇట్స్ ఎ రైఫిల్."

గంటన్నర అయ్యాక నాకు ఒళ్లుమండి, వెళ్లి కార్‌లో కూర్చున్నాను. కాసేపటికి బావ చేతులూపుకుంటూ వచ్చాడు.

"రెండూ బాగున్నాయిరా. వచ్చే శనివారం మళ్లీ చూద్దాం."

అలా ఎన్ని శనివారాలో! ఒకసారి రాహుకాలం అన్నాడు. ఇంకోసారి, చలికి ఇనుము బిగుసుకుంటుంది కాబట్టి అసలు గుణం తెలియదన్నాడు. విల్బర్ వెనక దొడ్లో పేలుస్తుంటే, మేం చెవులు మూసుకుని అట్టమీద కన్నాలు లెక్కపెట్టేవాళ్లం. దేని కన్నాలు ఎంత దగ్గరగా పడ్డాయో పట్టిక నేనే రాయాలి. పట్టిక రాయాలంటే పొద్దున్నే లేవాలి, స్నానం చెయ్యాలి. అక్క కట్టిచ్చిన పులిహోర ముగ్గురం తినేవాళ్లం. నిమ్మకాయది బాగుందా, చింతపండుది బాగుందా అని బావ అడిగితే, యజ్ఞనారాయణ అనలేక బావని యాగ్ అని పిలిచే విల్బర్ చాలాసేపు ఆలోచించి, "ఐ కాంట్ డిసైడ్, యాగ్" అన్నాడు. జబ్బు ఆయనకీ అంటింది.

ఫిబ్రవరిలో నేను తెగించాను. "బావా, నీతో అయ్యే పని కాదు. ఇవాళ వాల్‌నట్‌ది తీసుకుంటున్నా."

"తీసుకో. కాని ఇంట్లోకి ఎలా తెస్తావు?"

"కార్‌లో."

"అది కాదురా. కొత్త ఆయుధం. ఆయుధపూజ చెయ్యకుండా గడప దాటించకూడదు. ఆయుధపూజ దసరాకి. దసరా అక్టోబర్‌లో."

"అక్క కొత్త కత్తిపీట డిసెంబర్‌లో తెచ్చిందిగా!"

"అందుకే వంకాయలు సరిగ్గా తెగడం లేదు."

అలాంటి నియమం ఏ శాస్త్రంలోనూ లేదని నాకు తెలుసు. కాని అదే మాట ఆయన ఇంగ్లీషులో చెప్పిన తీరుకి విల్బర్ టోపీ తీసేశాడు. "దేవుడితో నేను పెట్టుకోను" అని వాల్‌నట్‌ది నా చేతిలోంచి తీసుకుని గోడకి తగిలించాడు. నేను దారంతా బావని తిట్టాను. ఆయన రెండు గ్యాస్ స్టేషన్లు చూసి, మూడో దాంట్లో గ్యాస్ కొట్టించాడు.

జూన్‌లో నాకు రిచ్‌మండ్‌లో ఉద్యోగం వచ్చింది. అక్టోబర్‌లో దసరాకి వస్తే, అక్క కత్తిపీటకి పసుపు రాస్తూ, "నీ ఆయుధం ఏదిరా?" అంది. నాకు గుర్తే లేదు.

"ఇంకా తేల్చుకోలేదు" అని బావ కార్‌కి బొట్టు పెట్టాడు.

అప్పట్నుంచి తెలుగు అసోసియేషన్‌లో ఎక్కడ కనిపించినా, "ఏమండీ యజ్ఞనారాయణగారూ, రైఫిల్ కొన్నారా?" అని అందరూ ఏడిపించేవాళ్లు. "చూస్తున్నామండీ" అనేవాడు. వాళ్లతో కలిసి నేనూ నవ్వేవాణ్ణి. ఐదేళ్లు నవ్వాను.

ఆయన పోయిన పదిహేనో రోజున, విల్బర్‌కి చెప్పడానికి వెళ్లాను. వార్త విని ఆయన గుడ్డ తీసుకుని బల్ల తుడవడం మొదలుపెట్టాడు. ఏదో ఒకటి మాట్లాడాలని, ఆ రెండు రైఫిళ్లూ చివరికి ఏమయ్యాయని అడిగాను.

"నువ్వు కొత్త ఉద్యోగంలో చేరిన సోమవారమే యాగ్ వచ్చి, ఇక అమ్ముకోవచ్చన్నాడు."

"ఆయన చెప్పడమేమిటి? అవి నీవి కదా?"

"కావు. మొదటి శనివారమే కొనేశాడు. నీకు కోపమొచ్చి కార్‌లో కూర్చున్నావే, అప్పుడు. ఇక్కడే ఉంచు, ఈ కుర్రాడికి మాత్రం ఏ తుపాకీ అమ్మకు అన్నాడు."

"రెండిట్లో ఏది కొన్నాడు?"

విల్బర్ నవ్వాడు.

"బోత్. రెండు నిమిషాలు కూడా పట్టలేదు."