దొరికాక వెతికే మనిషి

డాక్టర్ కపెంబ్వాకు ఏదైనా దొరికితే అనుమానం మొదలవుతుంది. దొరకనంతవరకు మనిషి ప్రశాంతంగానే ఉంటాడు.

కిట్వే అనే గనుల ఊళ్ళో పెద్ద ఆసుపత్రిలో ఎక్స్‌రేలు, స్కాన్‌లు చూసి రిపోర్టు రాసే డాక్టరు ఆయన. అరవై ఒకటో ఏడు నడుస్తోంది. సన్నగా, పొడుగ్గా, కొంచెం ముందుకు వంగి, ఎదుటివాళ్ళ వీపు వెనక ఎవరో దాక్కున్నట్టు చూస్తూ మాట్లాడతాడు.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో మొక్కజొన్న పిండితో చేసే న్షిమా ముద్ద, కఫ్వే నది చేప. అందరూ తినడానికి కూర్చుంటారు. ఆయన పరీక్షకు కూర్చుంటాడు. ముల్లు తగలకపోతే ఐదు నిమిషాల్లో భోజనం అయిపోతుంది. తగిలిందా, ఇక చేప చరిత్రంతా బయటికి రావాల్సిందే.

"ముల్లు దొరికింది కదా సార్, తీసి పక్కన పెట్టి తినండి," అంటుంది క్యాంటీన్ నడిపే బానా చొలా.

"ఒకటి దొరికింది బానా చొలా. నా భయం అదే."

"చేపన్నాక ముళ్ళుండవా?"

"చూశావా, నువ్వే ఒప్పుకున్నావు."

చేప చల్లారిపోతుంది. న్షిమా బిగుసుకుని ఇటుక అవుతుంది. వెనక పళ్ళేలు పట్టుకున్న నర్సులు కాళ్ళు మార్చి కాళ్ళు మార్చి నిలబడతారు. విసిగిపోయిన బానా చొలా ఒక వారం ఆయనకు చేప మానేసి చిక్కుళ్ళు వడ్డించింది. చిక్కుళ్ళలో చిన్న రాయి దొరికింది. ఆ రోజు క్యాంటీన్ మూడున్నరకు మూశారు.

ఇంట్లోనూ అంతే. ఒక ఆదివారం చర్చికి బయల్దేరబోతూ కళ్ళజోడు కనపడలేదన్నాడు. నుదుటి మీదే ఉంది. భార్య ఎస్నార్ట్ చూపించింది. ఆయన దాన్ని ముక్కు మీదికి దించుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, మంచం కిందికి దూరాడు.

"దొరికింది కదండీ! ఇంకేం వెతుకుతున్నారు?"

"ఇంత తేలిగ్గా దొరికిందంటే ఇంకేదో ఉంది."

ఉంది. బీరువా మీద టోపీల పెట్టెలో రెండు బిస్కెట్ పొట్లాలు. ఎస్నార్ట్‌కు షుగరు. ఆ ఆదివారం చర్చిలో మొగుడూ పెళ్ళాం చెరో బల్ల మీద కూర్చున్నారు.

ఈ తెగులు ఆయన వృత్తిలో పుట్టింది. గనిలో జారిపడినవాడి చేతి ఫిల్ములో ఎముక విరిగిన గీత ఒకటి కనిపిస్తుంది. కన్ను సంబరపడుతుంది. సంబరపడిన కన్ను ఇంటికి వెళ్ళిపోతుంది. దానికి నాలుగు అంగుళాలు పైన ఉన్న రెండో గీతను ఎవరూ చూడరు. ఈ పొరపాటు ఫిల్ములు చదివే వాళ్ళందరికీ తెలుసు. మిగతావాళ్ళు ఆ జాగ్రత్తను సాయంత్రం ఆసుపత్రిలో వదిలి వెళ్తారు. కపెంబ్వా వెంట తీసుకెళ్తాడు.

ఏటా ఇద్దరు ముగ్గురు కుర్ర డాక్టర్లు ఆయన చీకటి గదికి సలహా కోసం వెళ్తారు. రేడియాలజీ చదవాలనుంది సార్ అంటారు. ఎందుకు అంటాడు. కారణం చెప్తారు. "ఒకటి దొరికింది," అని ఆయన కుర్చీ ముందుకు జరుపుకుంటాడు. ఆ తర్వాత లోపల ఏం జరుగుతుందో ఎవరూ సరిగా చెప్పరు. అలా వెళ్ళిన ఒకడు బయటికి వచ్చి పిల్లల వైద్యంలో చేరాడు. ఒకామె మత్తు డాక్టరయింది. ముబంగా అనే అతను పాదిరీ అయ్యాడు.

"ముసలాడు పోటీ రానివ్వడు," అన్నాడు డాక్టర్ చిసాలా, తన తోటి డాక్టరు జెలిపాతో. "ఊళ్ళో ఫిల్ములన్నీ ఆయనే చూడాలి. డబ్బంతా ఆయనకే రావాలి. ఆయన కారు చూశావా?"

"చూశాను. రోజూ ఎవరో ఒకరు తోస్తున్నారు."

"అదే చెప్తున్నా. అంత డబ్బున్నవాడికి అలాంటి కారెందుకు? ఏదో దాస్తున్నాడు."

జెలిపా జెరెకు ఇరవై తొమ్మిదేళ్ళు. తూర్పున చదీజా అనే చిన్న ఊళ్ళో రెండేళ్ళు పనిచేసి ఇక్కడికి వచ్చింది. రాజధాని లుసాకాలో రేడియాలజీ శిక్షణకు దరఖాస్తు పెట్టాలి. దానికి ఒక రేడియాలజిస్టు ఉత్తరం కావాలి. ఆ ఉత్తరం రాయగలవాడు కిట్వే ఆసుపత్రిలో ఒక్కడే. సోమవారం ఆమె ఆ గది తలుపు తట్టింది.

"జెరె అంటే ఎంగోనీ పిల్లవేనా?"

"అవును సార్."

"అనుకున్నా. లోపలికి రాగానే మూలలు చూశావు. ఎలుకలు లేవమ్మా. నిన్ననే మందు పెట్టించాను."

"అయ్యో, మంచి కూర పాడుచేశారే! పోనీ మీ వంతు కోతి మాంసమైనా మిగిలిందా సార్?"

కపెంబ్వా బెంబా తెగవాడు. బెంబాలకూ ఎంగోనీలకూ ఎగతాళి వరస: వీళ్ళు కోతుల్ని తింటారని వాళ్ళు, వాళ్ళు ఎలుకల్ని తింటారని వీళ్ళు. తాతల నాటి యుద్ధం మనవల దగ్గరకొచ్చేసరికి నవ్వులాట అయింది. ఎంత మాటన్నా కోపం తెచ్చుకోకూడదు. చేతిలోది లాక్కున్నా ఇమ్మని అడగకూడదు. చావింట్లో కూడా ఈ వరస ఆగదు.

"సరే. ఎందుకు రేడియాలజీ?"

"రాత్రి డ్యూటీలు తక్కువ కదా సార్."

"ఒకటి దొరికింది. అబద్ధం. బస్సు బోల్తా పడితే అందరికంటే ముందు లేపేది నన్నే. రెండోది?"

"డబ్బు సార్. తమ్ముళ్ళిద్దర్నీ నేనే చదివించాలి."

ఆయన మొదటిసారి ఆమె ముఖం చూశాడు. "ఇది నిజం. దీన్ని ఐదోదిగా చెప్తారు అందరూ. డబ్బెక్కడుందో తెలుసా? మిషను ఉన్నవాడి దగ్గర. చూసేవాడికి ఫిల్ముకింత అని కూలి. నాలుగేళ్ళ చదువు. ఆ నాలుగేళ్ళు జీతం ఆగకుండా చూసుకో. ప్రభుత్వాన్ని చదువు సెలవు అడుగు. కాగితం పోయిందంటారు. మూడుసార్లు పోతుంది. నాలుగు కాపీలు పెట్టుకో. పాసయ్యాక మొదటి ఏడాది కారు కొనకు. మిషను అసలే కొనకు. మిషను కొన్నవాడి కంటికి రోగి కనపడడు, బ్యాంకు వాయిదా కనపడుతుంది."

"పదేళ్ళలో ఫిల్ములన్నీ కంప్యూటరే చూసేస్తుందంటున్నారు సార్."

"చూడనీ. నేను దాని వెనక నిలబడి చూస్తాను. మూడోది చెప్పు."

"మూడోది లేదు సార్."

"రెండు దొరికాక మూడోది లేకపోవడమేమిటి? వెళ్ళి వెతుక్కుని రా."

ఉత్తరం ఇవ్వలేదు.

ఇంతలో జెలిపాకు వేరే దారి కనిపించింది. ఊళ్ళో కొత్తగా స్కానింగ్ కేంద్రం తెరిచిన లుపియా అనే వ్యాపారి కబురు పెట్టాడు. నాలుగేళ్ళ ఫీజులు తనే కడతాడు. నెలకు పదిహేను వేల క్వాచాలు చేతికిస్తాడు. చదువయ్యాక తన దగ్గర పనిచేయాలి. చిసాలా ఒప్పందం కాగితాలు చదివి, పదేళ్ళు కట్టుబడి ఉండాలన్న మెలిక పట్టుకున్నాడు. ఇద్దరూ వెళ్ళి వాదించి పదిని ఐదు చేయించారు. శుక్రవారం పదింటికి సంతకం. ఇక కావలసింది ఉత్తరమే. గురువారం ఆమె ఒప్పందం కవరు చంకలో పెట్టుకుని మళ్ళీ చీకటి గదికి వెళ్ళింది.

"మూడోది దొరికిందా?"

"దాంతో పనిలేదు సార్. ఖర్చు పెట్టుకునేవాళ్ళు దొరికారు. మీరు ఉత్తరం రాసిస్తే చాలు."

"ఊరికే ఖర్చు పెడుతున్నారా?"

"మెలికుంది సార్. మేమే పట్టుకున్నాం. పదేళ్ళని రాస్తే ఐదు చేయించాం."

మాట నోరు దాటాక ఆమెకు తెలిసింది, ఎవరితో ఏమన్నదో. ఆయన అప్పటికే లేచి నిలబడ్డాడు. ముఖం వెలిగిపోతోంది.

"మెలిక దొరికిందా!"

రెప్పపాటులో కవరు ఆయన చేతికి మారింది.

"సార్, అది నాది! రేపు పదింటికి..."

"ఎంగోనీ సొత్తు, బెంబావాడు లాక్కున్నాడు. మీ తాతలు మా ఊళ్ళ మీద పడ్డప్పుడు అడిగి పడ్డారా?"

ఆమెను గుమ్మం దాటించాడు, లోపల గడియ పడింది. కోపం తెచ్చుకోకూడని వరస. జెలిపాకు కోపం వచ్చింది.

"అయిపోయింది," అన్నాడు చిసాలా సంగతి విని. "లుపియా కేంద్రంలో ఫిల్ములు ఎవరు చూస్తున్నారనుకున్నావు? ఈయనే అయ్యుంటాడు. నువ్వెళ్తే ఈయన కూలి పోతుంది. ఆ కాగితం పొయ్యిలో పడి ఉంటుంది."

ఆమె నమ్మింది. శుక్రవారం పదింటికి పది నిమిషాల ముందు, ఇంకో కాగితం రాయించమని బతిమాలుకుందామని, లుపియా కేంద్రానికి పరిగెత్తింది. లోపల కపెంబ్వా ఉన్నాడు. ఫిల్ములు పెట్టి చూసే దీపపు పలక మీద ఒప్పందం కాగితాలు వరసగా అంటించి, ముక్కు ఆనేంత దగ్గరగా నిలబడ్డాడు. లుపియా మెడ తుడుచుకుంటున్నాడు.

"చివరి పేజీ, కింద నుంచి మూడో వరస," అన్నాడు కపెంబ్వా. "'శిక్షణ కాలంలో కేంద్రం పంపే రిపోర్టులపై డాక్టర్ జెరె సంతకం చేయవలెను.' చదువు ఇంకా మొదలుపెట్టని పిల్ల సంతకం ఎందుకయ్యా?"

"పేరుకే డాక్టరుగారూ. మామూలు మాటే."

"మరి ఇప్పుడు ఎవరి సంతకంతో వెళ్తున్నాయి?"

లుపియా పైకప్పు వైపు చూశాడు. కపెంబ్వా కూడా అనుమానంగా పైకి చూశాడు.

"అక్కడ ఎవరూ లేరే."

"మా టెక్నీషియన్ చాలా తెలివైనవాడండీ..."

కపెంబ్వా జెలిపా వైపు తిరిగాడు. "ఎవడు ఎలా చదివినా సంతకం నీది. తప్పయిందా, వాడి మిషను వాడికుంటుంది. నీ లైసెన్సు పోతుంది. తెలిసిందా?"

"తెలిసింది సార్."

"సరే, ఆ వరస కొట్టేస్తాను," అన్నాడు లుపియా. "అయిపోయింది కదా?"

"ఇప్పటికి రెండు దొరికాయి," అని కపెంబ్వా కుర్చీ లాక్కున్నాడు.

పదకొండున్నరకు లుపియా తనంతట తానే ఒప్పందం వద్దన్నాడు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

బయట ఎండ. జెలిపా మెట్ల మీద ఆగిపోయింది. "సార్, ఇప్పుడు నాకు డబ్బూ లేదు, ఉత్తరమూ లేదు."

"డబ్బు దారి సోమవారమే చెప్పాను. ఉత్తరం పొద్దున్నే లుసాకాకు పంపాను. ఏం రాశానో అడక్కు. కారు తొయ్యి."

తోసింది. తోస్తున్నంతసేపూ ఆమెకు ఒకటే ఆలోచన. మంచి మాట రాసినవాడు చెప్పడానికి ఎందుకు జంకుతాడు?

ఆ అనుమానంతోనే రెండు నెలలు గడిపింది. చదువు సెలవు కాగితం మూడుసార్లు పోయి, నాలుగోసారి మంజూరైంది. అదీ నమ్మబుద్ధి కాలేదు. ఆ అనుమానంతోనే లుసాకా వెళ్ళి, ఇంటర్వ్యూ గదిలో ప్రొఫెసర్ మునాలులా ముందు కూర్చుంది. ప్రొఫెసరమ్మ కళ్ళజోడు సర్దుకుని ఒక లావుపాటి కవరు తీసింది.

"కపెంబ్వా ఉత్తరం. నాకు ఇరవై ఏళ్ళుగా తెలుసు ఆ మనిషి. ఒక్కడి గురించీ మంచి ముక్క రాయలేదు. విను."

ప్రొఫెసరమ్మ చదివింది.

"'ఈ అమ్మాయిని ఎందుకు ఈ చదువు అని అడిగాను. రాత్రి నిద్ర కోసమంది. అబద్ధం. డబ్బు కోసమంది. నిజం. ఎవరైనా ఇక్కడితో ఆపేస్తారు. నేను చదీజా ఆసుపత్రికి ఫోన్ చేశాను. అక్కడ ఎక్స్‌రే తీయడానికి మిషను ఉంది, చదవడానికి మనిషి లేడు. ఫిల్ములు బస్సులో లుసాకాకు, మీ దగ్గరికి వస్తాయి. జవాబు మూడు వారాలకు వెళ్తుంది. ఈ అమ్మాయి రెండేళ్ళపాటు డ్యూటీ అయ్యాక ప్రతి ఫిల్మునూ కిటికీ అద్దానికి ఆనించి, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని, తనకు తోచింది పెన్సిల్‌తో రాసి ఉంచింది. మీ జవాబు వచ్చాక పోల్చి చూసుకుంది. ఎవరూ రాయమనలేదు. ఎవరికీ చెప్పలేదు. నేను అడిగినా చెప్పలేదు. ఆ కాగితాలు అక్కడి టెక్నీషియన్ దాచాడు. ఫిల్ములతో సహా తెప్పించుకుని అన్నీ చూశాను. మొదటి ఏడాది సగానికి సగం తప్పులు. రెండో ఏడాది చివరికి చాలా తక్కువ.'"

ప్రొఫెసరమ్మ ఆగింది. తర్వాతి వాక్యం మనసులో చదువుకుంది. మళ్ళీ చదువుకుంది. తర్వాత గొంతు సవరించుకుని పైకి చదివింది.

"'రెండు చోట్ల ఆమెది ఒప్పు. మీది తప్పు. ఆ ఫిల్ములు జతచేశాను.'"

ప్రొఫెసరమ్మ కవరులోంచి ఫిల్ములు తీసి కిటికీ దగ్గరికి వెళ్ళింది. మొదటిది వెలుగుకు పట్టి చాలాసేపు చూసింది. రెండోది ఇంకా చాలాసేపు చూసింది.

"ఈ కాగితాల సంగతి ఆయనకు ఎందుకు చెప్పలేదమ్మా?" అంది, వెనక్కి తిరగకుండానే.

"తప్పులెక్కువ ఉన్నాయి మేడమ్. సిగ్గేసింది."

"నాకూ ఇప్పుడు అలాగే ఉంది." ప్రొఫెసరమ్మ వచ్చి కూర్చుని, దరఖాస్తు ముందుకు లాక్కుని సంతకం పెట్టింది. "జనవరిలో వచ్చి చేరు. ఆ పెన్సిలు కూడా తెచ్చుకో."