ఆపని స్టేజీ

1981 వేసవిలో నన్ను ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరుగా తిరుపతి డిపోకు వేశారు. కండక్టర్లకు పైన, డిపో మేనేజరుకు కింద. అంటే ఇద్దరి చేతా తిట్లు తినే పదవి. బస్సులు ప్రతి స్టేజీలోనూ ఆగుతున్నాయో లేదో చూడటం, ఫిర్యాదులు విచారించి రిపోర్టు రాయడం నా పని.

వచ్చిన వారానికే ఒక ఫిర్యాదు నా బల్ల మీదికి వచ్చింది. ఏర్పేడు నుంచి ఉదయం వచ్చే ఆర్డినరీ సర్వీసులో ఒక పిచ్చిపిల్ల రోజూ కేకలు పెడుతోందనీ, మర్యాదస్తులు ప్రయాణం చేయలేకపోతున్నారనీ దాని సారాంశం. కింద బోలెడు సంతకాలు. ఆ మర్యాదస్తులను నేనెరుగుదును. కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టేవాళ్లు, ఆ సీటు కోసం జుట్టూ జుట్టూ పట్టుకునేవాళ్లు, వక్కాకు నమిలి వెనక కిటికీలవాళ్ల మీద పడేట్టు ఉమ్మేవాళ్లు. గురివింద గింజకు తన నలుపు తెలియదంటారు. వాళ్ల చెవులు మాత్రం మహా సున్నితం.

ఆ అమ్మాయి రాజేశ్వరి. ఇరవై ఏళ్లుంటాయి. తల్లి మునెమ్మ తిరుపతిలో ఒక ఆసుపత్రిలో ఆయా. ఇంట్లో ఇంకెవరూ లేరు గనుక కూతుర్ని వెంట తెచ్చుకుని, డ్యూటీ అయ్యేదాకా వరండాలో కూర్చోబెట్టుకునేది. కండక్టరును పిలిపించి అడిగాను.

"ఊరికే అరస్తాది సార్. సెవులు మూసుకుంటాది, కిటికీ కమ్మీలు పట్టుకోని గుంజతాది. దానికి మతి లేదు" అన్నాడు.

నాకు అది చాలింది. మతిస్థిమితం లేని ప్రయాణికురాలిని ఎక్కించుకోరాదని సిఫారసు రాశాను. బస్సెక్కి చూడలేదు. మేనేజరు చదవకుండానే సంతకం పెట్టారు. మా డిపోలో అంత వేగంగా కదిలింది ఆ కాగితం ఒక్కటే. బస్సులకు ఆ వేగం ఎన్నడూ లేదు.

రెండో రోజున మునెమ్మ ఆఫీసుకు వచ్చింది.

"మా పాప ఊరికే అరవదు సామీ. బండి ఆగాల్సిన తావున ఆగకపోతేనే అరస్తాది. మీరు బండెక్కనీకుంటే నా పని పోతాది. పని నిలుపుకోవాలంటే పాపను ఇంట్లో పెట్టి గొళ్లెం ఎయ్యాల. అది నా సేత కాదు."

మా గుమాస్తా నవ్వాడు. సిగ్గులేకుండా నేనూ నవ్వాను. అయినా ఆమె కదలకపోయేసరికి, మర్నాడు కూతురితో ఎక్కమనీ, నేనూ అదే బస్సులో వస్తాననీ చెప్పి పంపాను.

రాజేశ్వరి రోజూ కూర్చునే కిటికీ సీటులోనే కూర్చుంది. స్టేజీ రాకముందే దాని పేరు చెప్పేది, ఒక్కటీ వరుస తప్పకుండా. బస్సు ఆగితే తృప్తిగా ఊరుకునేది. గాజులమండ్యం దాటాక రోడ్డు పక్కన గంపలతో కొందరు కూలీలు చెయ్యెత్తారు. బస్సు ఆగలేదు. అది స్టేజీ అని నాకు తట్టను కూడా లేదు. రాజేశ్వరి కేక పెట్టింది. నోరు మూయించాలని కండక్టరు గంట తాడు పట్టి ఆపకుండా లాగాడు. ఆమె చెవులు మూసుకుని రెండింతలు అరిచింది.

స్టేజీల పట్టిక తీసి చూశాను. అది ఆపవలసిన స్టేజీయే. ఎందుకు ఆపలేదని అడిగాను.

"ఆడ యాపొద్దూ ఆపం సార్. అందరూ గంపలోళ్లే గదా" అన్నాడు కండక్టరు. పై అధికారి ఎదుట దాచాల్సిన తప్పని కూడా అతనికి తోచలేదు.

నా సిఫారసు వెనక్కి తీసుకుని కొత్తది రాశాను. అన్ని స్టేజీల్లో ఆపాలి, ఆమె సీటు ఆమెకు ఉంచాలి, గంట ఒక్కసారే కొట్టాలి. ఒక పిచ్చిదాని కోసం సర్క్యులరా అని మేనేజరు సీటునూ గంటనూ ఎర్రసిరాతో కొట్టేశారు. స్టేజీల సంగతి రూల్సులో ముందే ఉండబట్టి బతికిపోయింది. అదొక్కటీ అమలయ్యేసరికే కేకలు చాలావరకు తగ్గాయి. మునెమ్మ ఉద్యోగం నిలిచింది. కూలీలు కూడా బస్సెక్కారు.

తర్వాత ఒకనాడు బస్టాండులో మునెమ్మ ఎదురై, "మా పాపకు పిచ్చి లేదని రాసినారా సామీ?" అని అడిగింది. రాయలేదు. స్టేజీ ఎగ్గొడుతున్న విషయం "తనిఖీలో నా దృష్టికి వచ్చినది" అని మాత్రం రాసుకున్నాను.

ఆటిజం అనే మాట రిటైరైన చాలా ఏళ్లకు విన్నాను. ఆనాడు ఆ మాట తెలిసి ఉంటే అదీ ఒక తిట్టుగా వాడి ఉండేవాళ్లం. ఫిర్యాదు వస్తే ముందు బస్సెక్కాలి, ఆ తర్వాతే రాయాలి అన్నది నేను నేర్చుకున్నాను. ఆ రూట్లో ప్రతి స్టేజీనీ కనిపెట్టి ఉన్న మనిషి రాజేశ్వరి ఒక్కతే. ఆ పనికే జీతం తీసుకుంటూ ఆమెను దించేయమని రాసిన ఇన్‌స్పెక్టరును నేను.